సంఘంలో జాతులు సమాధానపడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

వేర్వేరు జాతులవాళ్లు కలిసి ఆరాధించే సంఘంలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. కింద ఉన్నవి ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దుతున్నప్పుడో, ఎవరో నొచ్చుకుని రెండు వారాలు రాకపోయినప్పుడో నన్ను నిజంగా అడిగిన ప్రశ్నలు. జవాబులు నావి. అన్నిటితో మీరు ఏకీభవించకపోవచ్చు, కానీ చివరిదాకా చదవమని మాత్రం బతిమాలుతున్నాను.

అసలు సమాధానపడటం అంటే ఏంటి? అందరం ప్రేమగా ఉంటే చాలదా?

ప్రేమగా ఉంటే మంచిదే. కానీ గొడవ లేకపోతే చాలు, సమాధానం ఉన్నట్టే అనుకుంటాం చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. ఆస్తి పంచుకునేటప్పుడు ఒక తమ్ముడికి అన్యాయం జరిగిందనుకోండి, అతను నోరు మూసుకుని ఊరుకున్నంత కాలం ఆ ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది, బయటివాళ్లు చూసి ఎంత ఐకమత్యమో అనుకుంటారు, లోపల ఏముందో ఆ తమ్ముడికే తెలుసు. చాలా సంఘాల్లో ఉన్న శాంతి అలాంటిదే.

నా లెక్కలో సమాధానపడటం అంటే ముందు ఏం జరిగిందో దాచకుండా చెప్పుకోవడం. తర్వాత ఆ తప్పు చేసినవాళ్లూ, దానివల్ల లాభపడినవాళ్లూ దాన్ని ఒప్పుకోవడం. పోయినదాన్ని వీలైనంత తిరిగి ఇవ్వడం. ఆపైన కలిసి బతకడం, కలిసి నిర్ణయాలు తీసుకోవడం. మనం సాధారణంగా మొదటి మూడింటినీ దాటేసి నేరుగా కౌగిలించుకోవడం దగ్గరికి వెళ్లిపోతాం, అందుకే ఆ కౌగిలి వచ్చే ఆదివారానికి గుర్తుండదు.

ఇది బైబిల్లో ఉందా, లేక ఈ కాలపు రాజకీయాలు సంఘంలోకి తెస్తున్నారా?

ఉంది, అది కూడా ఏదో ఒక మూల కాదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయండి. యెరూషలేములో సంఘం పుట్టి ఎంతో కాలం కాలేదు, అప్పుడే గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపిణీలో సరిగ్గా అందడం లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ఆ మాట విని "మనమంతా ఒక్కటే, ఇలాంటి మాటలతో సంఘాన్ని చీల్చకండి" అని గదమాయించలేదు. ఫిర్యాదు నిజమేనని తీసుకుని, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైనవాళ్ల పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. నష్టపోయిన వర్గానికి దగ్గరివాళ్ల చేతికే మొత్తం పంపిణీ అప్పగించారని నాకు కనిపిస్తుంది. ఇవాళ ఎన్ని సంఘాలు ఆ పని చేస్తాయి?

ఇంకోటి అంతియొకయలో జరిగింది. పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరివాళ్లు కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు, అతన్ని చూసి మిగతా యూదులూ, చివరికి బర్నబా కూడా అదే పని చేశారు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. ఆయన దీన్ని మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా చూడలేదు, వాళ్లు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదని గలతీయులకు రాసిన పత్రికలో రాశాడు. ఎవరు ఎవరితో కూర్చుని తింటారు అన్నది ఆయన దృష్టిలో సిద్ధాంతం విషయమే.

అదే అంతియొకయ సంఘంలో ఎవరెవరు ప్రవక్తలుగా, బోధకులుగా ఉన్నారో పదమూడో అధ్యాయం మొదట్లో ఉంది. బర్నబా, నీగెరనబడిన సుమెయోను, ఉత్తర ఆఫ్రికాలోని కురేనే నుంచి వచ్చిన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను, సౌలు అనే పౌలు. నీగెరు అంటే లాటిన్‌లో నలుపు. పౌలును, బర్నబాను మొదటి ప్రయాణానికి చేతులుంచి పంపినవాళ్లు వీళ్లలో మిగతావాళ్లే.

మరి సంఘాలు రంగు ప్రకారం ఎలా విడిపోయాయి?

దీనికి కాస్త పొడుగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇది ఎవరి ఇష్టం వాళ్లది అన్నట్టుగా సహజంగా జరిగిపోయిందనుకుంటారు.

అమెరికాలో 18వ శతాబ్దం చివర్లో, ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో నల్లజాతి విశ్వాసులు మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుండగా అక్కడి పెద్దలు వచ్చి, ఇది మీ చోటు కాదు లేవండి అని లేపారు. అబ్సలోమ్ జోన్స్ ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నాడు, ఆగలేదు. వాళ్లంతా లేచి బయటికి నడిచారు. వాళ్లలో ఉన్న రిచర్డ్ అలెన్, పుట్టుకతో బానిస, తర్వాత తన స్వేచ్ఛను తానే డబ్బు కట్టి కొనుక్కున్నవాడు, 1794లో బెతెల్ సంఘం మొదలుపెట్టాడు. 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఏర్పడి ఆయన మొదటి బిషప్ అయ్యాడు.

1844లో అమెరికా మెథడిస్టులు బానిసత్వం మీద చీలిపోయారు. మరుసటి ఏడాది, 1845లో, బానిసల యజమానులు మిషనరీలు కావచ్చా అన్న గొడవ మీద సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అనే బాప్టిస్టు సంఘాల కూటమి పుట్టింది. మెథడిస్టులు మళ్లీ 1939లో కలిశారు, కానీ ఆ కలయికలో నల్లజాతి సంఘాలన్నిటినీ సెంట్రల్ జ్యురిస్‌డిక్షన్ అని ఒక వేరే విభాగంలో పెట్టారు, అది పోవడానికి 1968 దాకా పట్టింది. కలవడం కోసమే కూర్చుని, కాగితం మీదే వేరుచేసుకున్నారు.

దక్షిణాఫ్రికా కథ ఇంకా బాధగా ఉంటుంది. 1857లో అక్కడి తెల్లవాళ్ల డచ్ రిఫార్మ్‌డ్ చర్చి సినడ్, అంటే పెద్దల మహాసభ, ఒక తీర్మానం చేసింది. అందరూ కలిసి ప్రభు బల్ల దగ్గరికి రావడమే లేఖనం ప్రకారం సరైనదని ఒప్పుకుంటూనే, కొందరి బలహీనత వల్ల అది కష్టమవుతోంది కాబట్టి నల్లవాళ్లు వేరే చోట కూడుకోవచ్చంది. ఒక తాత్కాలిక సర్దుబాటు, అంతే. 1881కి రంగు ప్రకారం వేరే మిషన్ సంఘం ఏర్పడింది. 1948లో ప్రభుత్వం అపార్థైడ్‌ను, అంటే రంగు ప్రకారం మనుషుల్ని వేరుచేయడాన్ని, దేశం మొత్తానికి విధానంగా చేసినప్పుడు, దానికి దైవశాస్త్రం సంఘంలో అప్పటికే తయారుగా ఉంది. ఎవరో నొచ్చుకుంటారని బల్ల దగ్గర ఒక చిన్న సర్దుబాటు చేసుకుందాం అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ 1857 గుర్తొస్తుంది.

అవన్నీ మా తాతల కాలం నాటివి. నేను ఎవరినీ ఏమీ అనలేదు, నేనెందుకు ఒప్పుకోవాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు, చాలామంది నిజాయితీగానే అడుగుతారు. చేయని తప్పు చేశానని అబద్ధం చెప్పమని ఎవరూ అనడం లేదు. కానీ నెహెమ్యా మొదటి అధ్యాయంలో "నేనును నా తండ్రి యింటివారును" పాపం చేశామని ప్రార్థించాడు, దానియేలు తొమ్మిదో అధ్యాయంలో పితరుల దోషాన్ని "మేము" అంటూ ఒప్పుకున్నాడు. తాతలు కట్టిన చర్చి భవనం మనది అంటాం, వాళ్ల పేరు, వాళ్లు పెట్టిన స్థలం, వాళ్ల పాటలు అన్నీ మనవి అంటాం. ఆస్తి తీసుకున్నవాడు అప్పు సంగతి నాకు తెలియదంటే ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా?

సదరన్ బాప్టిస్టులు 1995లో, తమ 150వ ఏట, అట్లాంటాలో కూడుకుని తమ పుట్టుకలో బానిసత్వం ఉందని, తర్వాత జాతివివక్షను సమర్థించామని ఒప్పుకుని క్షమాపణ అడుగుతూ తీర్మానం చేశారు. అక్కడ చేతులెత్తినవాళ్లలో ఎవరూ 1845లో పుట్టినవాళ్లు కాదు.

క్షమాపణ చెప్పేశారు కదా, ఇంకా ఏం కావాలి?

పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. యేసు ఇంటికొచ్చాక అతను "సారీ" అని ఊరుకోలేదు, ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగంతలు తిరిగి ఇస్తాను అన్నాడు. రక్షణ ఈ ఇంటికి వచ్చింది అన్న మాట ఆ తర్వాతే వినిపిస్తుంది.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2006లో బానిస వ్యాపారంలో తన పాత్రకు క్షమాపణ చెప్పింది. ఆ సంఘానికి చెందిన ఒక మిషన్ సొసైటీకి బార్బడోస్‌లో కాడ్రింగ్టన్ అనే చెరకు తోటలు ఉండేవి, అక్కడి బానిసల ఛాతీ మీద "సొసైటీ" అని కాల్చి ముద్ర వేసేవాళ్లు. క్షమాపణ తర్వాత లెక్కలు తీయడానికి చాలా కాలం పట్టింది. పాత నిధి ఒకటి బానిసల వ్యాపారం చేసిన సౌత్ సీ కంపెనీలో పెట్టుబడి పెట్టిందని తేల్చుకుని, 2023 జనవరిలో 10 కోట్ల పౌండ్లు కేటాయిస్తామని ప్రకటించారు. అది సరిపోతుందా లేదా అన్నది వాదించొచ్చు. నాకు నచ్చింది ఏంటంటే, వాళ్లు ఖాతా పుస్తకాలు తెరిచారు. మీ సంఘం కూడా ఎప్పటిదో పాతదైతే స్థలం ఎవరిచ్చారు, ఎవరి శ్రమతో కట్టారు, ఏ కాలంలో ఎవరిని లోపలికి రానివ్వలేదు అని మినిట్స్ పుస్తకాలు తీసి చదవండి. ఆ చదవడమే ఒక పెద్ద పని.

పరిశుద్ధాత్మ పనిచేస్తే ఇవన్నీ వాటంతటవే పోతాయి కదా?

పోతాయని నేనూ ఒకప్పుడు గట్టిగా నమ్మాను. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో జరిగిన ఉజ్జీవం సంగతి మనలో చాలామందికి తెలుసు. దాన్ని నడిపించిన విలియం సేమూర్ బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు. అంతకుముందు హ్యూస్టన్‌లో బైబిలు పాఠాలు వినడానికి వెళ్తే, తెల్లవాళ్లతో కలిసి గదిలో కూర్చోనివ్వక బయట వరండాలో కూర్చుని విన్నాడు. అలాంటి మనిషి దగ్గరికి అజూసాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్లు అందరూ వచ్చి ఒకే నేల మీద మోకరించారు. కొన్నేళ్లకే ఆ ఉద్యమం నుంచి పుట్టిన పెంతెకొస్తు సంఘాలు రంగు ప్రకారం విడిపోయాయి. 1948లో పెంతెకొస్తు సంఘాల సమాఖ్య ఒకటి ఏర్పడితే అందులో అన్నీ తెల్లవాళ్ల సంఘాలే.

1994లో మెంఫిస్‌లో ఆ సమాఖ్యను రద్దు చేసి, కన్నీళ్లతో ఒకరి కాళ్లు ఒకరు కడుక్కుని, కొత్త సంస్థ పెట్టుకుని, నల్లజాతి బిషప్ ఇథియెల్ క్లెమన్స్‌ను దానికి మొదటి అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. అజూసా నుంచి మెంఫిస్‌కి 88 ఏళ్లు. ఆత్మ పనిచేయలేదని నేను అనను. ఆత్మ కలిపినదాన్ని నిలబెట్టే ఏర్పాట్లు మనుషులు చేయలేదు.

బాధపడినవాళ్లను క్షమించమని అడగొచ్చా?

అడగొద్దు. తప్పు ఒప్పుకోవడం మీ పని, క్షమించడం వాళ్లకీ దేవుడికీ మధ్య సంగతి, దానికి మీరు గడువు పెట్టలేరు. 2015 జూన్ 17న అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో, నల్లజాతివాళ్ల ఇమ్మానుయేల్ చర్చిలో బైబిలు స్టడీకి వచ్చిన తెల్లజాతి యువకుడిని వాళ్లు ఆదరించి కూర్చోబెట్టుకున్నారు, అతను దాదాపు గంటసేపు కూర్చుని, తర్వాత పాస్టర్ గారితో సహా తొమ్మిది మందిని కాల్చి చంపాడు. రెండు రోజులకి కోర్టులో కొందరు కుటుంబ సభ్యులు నిన్ను క్షమిస్తున్నాం అన్నారు. ప్రపంచం మొత్తం ఆ మాట గురించే మాట్లాడింది. అందరూ క్షమించామనలేదు, అనలేకపోయినవాళ్లు కూడా ఆ సంఘం పిల్లలే. వాళ్ల క్షమను చూపించి "చూశారా, అలా ఉండాలి" అని ఇంకొకరికి పాఠం చెప్పడం నాకు చాలా క్రూరంగా అనిపిస్తుంది.

ఇంకో మాట. క్షమించడానికి ఒక్కరు చాలు, సమాధానపడటానికి ఇద్దరు కావాలి. దక్షిణాఫ్రికాలో ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు నడిపిన సత్య, సమాధాన కమిషన్ అపార్థైడ్ కాలపు నేరాల మీద 1996లో విచారణలు మొదలుపెట్టింది. క్షమాభిక్ష కోరినవాళ్లు ఏం చేశారో పూర్తిగా చెప్పాలన్నది షరతు, పశ్చాత్తాపం చూపాలన్న షరతు పెట్టలేదు. దానిమీద ఇప్పటికీ విమర్శలున్నాయి. కానీ దాచిన శవాలు ఎక్కడున్నాయో కన్నతల్లులకు తెలిసింది కూడా ఆ విచారణల వల్లే.

"నేను రంగు చూడను, మనిషినే చూస్తాను" అనడం తప్పా?

మంచి ఉద్దేశంతో అంటారు. కానీ వినేవాళ్లకు "నీకు జరిగింది నేను చూడను" అన్నట్టు వినిపిస్తుంది. ప్రకటన గ్రంథం ఏడో అధ్యాయంలో సింహాసనం ముందు నిలబడినవాళ్లు ప్రతి జనం, ప్రతి వంశం, ప్రతి భాషలోనుంచి వచ్చినవాళ్లని యోహాను గుర్తుపట్టగలిగాడు. పరలోకంలో కూడా తుడిచేయని దాన్ని మనం ఇక్కడ కనబడనట్టు నటించడం ఎందుకు?

మా సంఘంలో అన్ని రంగులవాళ్లూ ఉన్నారు. మాకు ఈ సమస్య లేదు కదా?

లోపల ఎవరున్నారన్నది ఒక లెక్క, తాళం చెవి ఎవరి దగ్గరుందన్నది ఇంకో లెక్క. మా సంఘం రెండు గుంపులు కలిసి ఏర్పడింది. కలిసిన మొదటి సంవత్సరం మేమంతా ఎంత పొంగిపోయామో చెప్పలేను. ఒకరోజు ఒక పెద్దావిడ, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, నెమ్మదిగా అంది: "మీ పాటలు మేం నేర్చుకున్నాం, మీ టైముకి మేం వస్తున్నాం, మీ పద్ధతిలో ప్రార్థిస్తున్నాం. మీరు మా దగ్గర ఏం నేర్చుకున్నారు?" ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పుడు లెక్కపెట్టుకుంటే పెద్దల కమిటీలో ఒక్కరు తప్ప అందరూ ఒకే గుంపువాళ్లు, భోజనాలయ్యాక గిన్నెలు కడిగేవాళ్లంతా రెండో గుంపువాళ్లు. ఎవరూ కావాలని చేయలేదు. మంచి మనసుల మధ్యే ఇలా జరిగింది, నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే.

కాబట్టి వేదిక మీద ఎవరు పాడుతున్నారో చూసి తృప్తిపడకండి. కానుకల డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? వాక్యం ఎవరు చెబుతున్నారు? ఎవరి ఇంట్లో చావు జరిగితే సంఘం మొత్తం వెళ్తోంది, ఎవరి ఇంట్లో జరిగితే పాస్టర్ గారు ఒక్కరే వెళ్తున్నారు?

నల్లజాతి సంఘాలు కూడా వేరుగానే ఉన్నాయి కదా, అది వివక్ష కాదా?

కాదు. తలుపు వేసినవాళ్లనీ, ఆ తలుపు బయట నిలబడి వేరే ఇల్లు కట్టుకున్నవాళ్లనీ ఒకే గాటన కట్టకూడదు. రిచర్డ్ అలెన్ కట్టుకున్న ఇల్లే తర్వాత తరాలకు బడి, ఆసరా, నాయకత్వం నేర్చుకునే చోటు అయింది. ఆ సంఘాల్ని మూసేసి మాలో కలవండి అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

భాష వేరైనప్పుడు వేరుగా కూడుకోవడం?

తప్పు లేదు. ఏడుపొచ్చినప్పుడు ఎవరైనా తమ భాషలోనే ప్రార్థిస్తారు. మిషనరీ డోనాల్డ్ మెక్‌గావ్రన్ తమలాంటివాళ్ల మధ్య ఉండి క్రైస్తవులు కావడం మనుషులకు సులువని రాశాడు, అది నిజమే కావచ్చు. చేరడానికి సులువైన దారి చివరిదాకా ఉండిపోయే గది కాకూడదని మాత్రం అంటాను. ప్రభురాత్రి భోజనం అయినా కలిసి తీసుకోండి.

మేం తెల్లవాళ్లమూ కాదు, నల్లవాళ్లమూ కాదు. మధ్యలో మాకేంటి?

వలస వచ్చి సంఘంలో చేరినవాళ్లు దీన్ని ఎక్కువగా అడుగుతారు. ఆ గాయం మీరు చేయలేదు, నిజమే. కానీ ఇంట్లో ఇద్దరి మధ్య మాటల్లేవని తెలిసీ మూడోవాడు హాయిగా నిద్రపోతే అతను ఆ ఇంటివాడెలా అవుతాడు? ఇంకోటి, అధికారం ఉన్న గుంపు పక్కన కూర్చుంటే గౌరవం దొరుకుతుందని, నల్లజాతివాళ్ల గురించి వాళ్లన్న మాటలే మనమూ ఇంట్లో పిల్లల ముందు అనేస్తుంటాం. పెళ్లి సంబంధాల దగ్గర రంగు గురించి మన నోట ఏం వస్తుందో ఒక్కసారి మనమే వినాలి.

పాస్టర్ గారు దీని గురించి మాట్లాడితే కొందరు సంఘం వదిలి వెళ్లిపోతారేమో?

వెళ్లొచ్చు. తేలిగ్గా చెప్పడం లేదు, ఆ టెన్షన్ పాస్టర్ల ఇళ్లల్లో ఎలా ఉంటుందో చూశాను. బేయర్స్ నాడే అని దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో డచ్ రిఫార్మ్‌డ్ పాస్టర్ ఉండేవాడు, మంచి పేరు, పెద్ద సంఘం, అధికార వర్గంలో చోటు. 1960లో షార్ప్‌విల్‌లో నిరసన తెలుపుతున్న నల్లజాతివాళ్లను 69 మందిని పోలీసులు కాల్చి చంపాక ఆయన మనసు నిలవలేదు. 1963లో మనుషులకు కాక దేవునికే లోబడాలన్న వాక్యం మీద ప్రసంగించి ఆ పదవి వదిలేశాడు. సొంతవాళ్లు ద్రోహి అన్నారు. 1977 నుంచి ఏడేళ్లు ప్రభుత్వం ఆయన్ని నిషేధం కింద, అంటే నలుగురిలో మాట్లాడకుండా కట్టడిలో, పెట్టింది.

అదే 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ లేఖ రాసింది ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలకు జవాబుగా. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, జాతివివక్ష మీద చేస్తున్న నిరసనల్ని కాస్త ఆపండి, నెమ్మదిగా అన్నవాళ్లు. ఆ లేఖలో కింగ్ ఎక్కువ నొచ్చుకున్నది అలాంటి మెతక మనుషుల విషయంలోనే. పాస్టర్లకు నేను చెప్పేది ఒకటే, ఒంటరిగా మొదలుపెట్టకండి, ముందు పెద్దల్లో ఇద్దరినైనా కూర్చోబెట్టుకుని చదవండి, ప్రార్థించండి. ఎవరైనా వెళ్లిపోతారని భయపడేటప్పుడు, ఇప్పటికే చప్పుడు చేయకుండా వెళ్లిపోయినవాళ్లెవరో కూడా గుర్తు చేసుకోండి.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

వినడంతో. ఒక సాయంత్రం పెట్టుకుని, వివక్ష ఎదుర్కొన్నవాళ్లు ఇష్టపడితేనే, వాళ్లు చెప్పేది వినండి. మధ్యలో "అలా అనుకుని ఉండరులే" అని సర్దిచెప్పకండి. నిజంగా ఇదొక్కటి పాటించినా సగం పని అయినట్టే. ఒకే మనిషిని ప్రతిసారీ లేపి సాక్ష్యం చెప్పమనకండి, గాయాన్ని మళ్లీ మళ్లీ విప్పి చూపించడం అలసట.

తర్వాత ఇళ్లకు వెళ్లండి, పిలిపించుకోవడమే కాదు, వాళ్లింట్లో వాళ్ల పద్ధతిలో కూర్చుని తినండి. కమిటీల్లో ఖాళీ వచ్చినప్పుడు ఎవరిని అడగాలనిపిస్తుందో అక్కడ ఆగి, ఎందుకు ఆ పేరే వచ్చిందో ఆలోచించండి. సంఘంలో ఎవరైనా అవమానకరమైన మాట అంటే ఎవరికి చెప్పాలి, ఏం చేస్తారు అన్నది ముందే రాసి పెట్టుకోండి, అది జరిగిన రోజు ఆలోచించడం మొదలుపెడితే ఆ వేడిలో బలమున్నవాడి మాటే చెల్లుతుంది.

ఇదంతా ఎంతకాలం పడుతుంది?

కేప్‌టౌన్ దగ్గరి బెల్హార్‌లో 1982లో, ఆ 1881 నాటి మిషన్ సంఘమే ఒక విశ్వాస ప్రకటన రాసుకుంది, జాతి పేరుతో విశ్వాసుల్ని విడదీయడం సువార్తకు విరుద్ధమని. 1986లో దాన్ని అధికారికంగా స్వీకరించారు. 1994లో ఆ సంఘం, నల్లజాతివాళ్ల ఇంకో సంఘం కలిసి యునైటింగ్ రిఫార్మ్‌డ్ చర్చిగా ఒక్కటయ్యాయి. తెల్లవాళ్ల డచ్ రిఫార్మ్‌డ్ చర్చితో కలవడానికి మాటలు జరుగుతూనే వచ్చాయి, ఆ కలయిక మాత్రం పూర్తికాలేదు. ఆ సంఘం పేరులో "యునైటెడ్" అని కాకుండా "యునైటింగ్" అని ఉంది, అంటే ఇంకా కలుస్తూ ఉన్నవాళ్లని.